పందుల మందు

డబ్బా మీద పంది బొమ్మ, పక్కన కోడి.
కింద ఎర్రక్షరాల్లో:
జంతువులకు మాత్రమే.
ఆర్మ్స్‌కర్క్ పశువుల డాక్టరు ప్రిథర్చ్ గారు
ఖాకీ కవరులో పెట్టి ఇచ్చారు,
"మా వైపు పందులు దగ్గితే ఇదే" అంటూ.
మూత తీస్తే
తడిసి ఆరిన గోనెసంచి వాసన.

లివర్‌పూల్‌లో ఫిబ్రవరి.
నది మీంచి గాలి వచ్చి
మూడో అంతస్తు కిటికీ చెవి మెలిపెడుతోంది.
నేను తూకం వేస్తున్నాను.
పంది బరువుకు రాసిన లెక్కను
అరవై గ్రాముల జెర్బిల్ ఎలుకకు దించి,
అక్కణ్ణుంచి మళ్ళీ
నేనెన్నడూ తూయని ఒక మనిషికి ఎక్కించి.

ఆ మనిషి పేరు నాకు తెలుసు.
తాళ్ళరేవులో ఉత్తరాలు పంచిన ఇమ్మానుయేలు.
ఎడమ కాలికి ఏడో నంబరు చెప్పు,
కుడి కాలికి లారీ టైరు కోసి కుట్టించుకున్నది.
ఏటా కొత్త కాగితం మీద
కాలు పెట్టి గీత గీయించుకునేవాడు.
వీధి మలుపు తిరగకముందే
ఆయన వస్తున్నట్టు తెలిసేది:
ఒకటి టప్పున, ఒకటి ధబ్బున.
ఆ తాళానికి వెనకాలే నడిచి నవ్వాం, పిల్లలం.
ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో
ఇప్పటికీ తెలీదు.

ఏడాదికోసారి మాత్రలిచ్చేవాళ్ళు వచ్చేవారు.
పిల్ల పురుగులు చచ్చేవి.
తల్లి పురుగు గజ్జల్లో చుట్ట చుట్టుకుని
మళ్ళీ కనేది.

ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది:
పురుగు కడుపులోనూ ఒకరు కాపురముంటారు.
కంటికి ఆనని సూక్ష్మజీవి,
అద్దె సరిగ్గా కట్టే రకం.
అది ఖాళీ చేస్తే
ఇంటావిడకు కాన్పు రాదు.
పందుల మందు తల్లి జోలికి పోదు,
అద్దెవాళ్ళను పంపేస్తుంది, అంతే.

అంతే అని రాయడం తేలిక.

పద్నాలుగు రోజులు, ఉదయం ఎనిమిదికి
మార్యన్ ఒక్కోదాన్నీ తువ్వాల్లో చుట్టి పట్టుకుంటుంది.
నేను బుగ్గ పక్కనుంచి సిరంజి పెడతాను.
ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఆమెది, వాటికి పేర్లు పెట్టదు.
అయినా నాలుగో నంబరుతో మాత్రం
ఈ ఊరి యాసలో ఏదో అంటుంది,
"ఓర్చుకో తల్లీ" లాంటిదే అయ్యుండాలి.
వీటిలో దేనికీ కాలు వాచదు.
మన జబ్బును మోస్తాయి గానీ మన నొప్పిని కాదు
అని నాకు నేనే చెప్పుకుంటాను,
ఎవరూ అడగకపోయినా.

తర్వాత పన్నెండు వారాలు.
తర్వాత ఆ రోజు.
దాని గురించి రాయను.
మార్యన్ రేడియో కట్టేసింది.

గాజు పళ్ళెంలో, సేమ్యా పోగులా, పురుగు.
"ఇంకా మెలికలు తిరుగుతోందే" అంది మార్యన్
వంట చెడినట్టు.
లోపల చూడమన్నాను.
తిరునాళ్ళ బస్సులా కిక్కిరిసి ఉండాల్సిన చోట
ఒక్క పిల్ల లేదు.
కండక్టరు కూడా దిగిపోయాడు.

ఇద్దరం చేతులు పట్టుకుని ఊపుకున్నాం,
గ్లోవులతోనే.
ఒకటి ఖాళీ. రెండు ఖాళీ. మూడు.
ఐదు, ఆరు కూడా.
నాలుగో నంబరులోవి మాత్రం
నిండు చూలాళ్ళు.

మూడుసార్లు లెక్కపెట్టాను.
పొద్దుటి పూట తువ్వాలు అంచున
అప్పుడప్పుడూ కనిపించిన తడి మరక
గుర్తొచ్చింది.
గట్టిగా పట్టుకుంటే మింగేదే.
మార్యన్ ఏమీ అనలేదు.
తువ్వాళ్ళు మడిచింది,
మడిచినవే మళ్ళీ మడిచింది.

ఫారంలో చివర 'వ్యాఖ్యలు' అని ఒక గడి.
పావుగంట పెన్ను పట్టుకు కూర్చున్నాను.
ఒక చెవిలో టప్పు, ఒక చెవిలో ధబ్బు.
"నాలుగు: మందు కొంత బయటికి పోయి ఉండవచ్చు"
అని రాశాను.
ఎవరి చేతిలోంచో
రాయలేదు.